లిబ్రెఆఫీస్: పలాస జీడిపప్పు పరిశ్రమ లెక్కల గదిలో కొన్నేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో ఒక మధ్యతరహా జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు, జీతాలు, ఉత్తరప్రత్యుత్తరాలు చూసే బాధ్యత నాది. మా లెక్కల గదిలోనూ కాటా గదిలోనూ ఉన్న కంప్యూటర్లలో ఒకదానిని మినహాయిస్తే మిగిలిన అన్నింటిలో కొన్నేళ్లుగా ఉచిత కార్యాలయ సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రెఆఫీస్‌నే వాడుతున్నాము. ఖాతా పుస్తకాలు ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. వాటికి ముందూ వెనుకా సాగే పని, అంటే పిక్కల (పప్పు తీయని జీడిగింజల) కొనుగోలు పట్టీలు, కూలీల హాజరు, భవిష్యనిధి దస్త్రాలు, రైతులకు పంపే తెలుగు ఉత్తరాలు, డబ్బాల మీద అంటించే చీటీలు మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. ఇంత కాలం వాడిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, దీనిని ఎక్సెల్‌కూ వర్డ్‌కూ ఖర్చు లేని నకలుగా చూసినంత కాలం ఇది రెండో రకం సరుకుగానే కనబడుతుంది. దీనిలో మాత్రమే ఉన్న, లేదా దీనిలో మెరుగ్గా ఉన్న కొన్ని సదుపాయాలను గుర్తించి, పనిని వాటికి తగినట్టు అమర్చుకుంటే గుమస్తా చేసే గంటల పని నిమిషాల్లోకి వస్తుంది. చాలా కార్యాలయాల్లో దీనిని స్థాపించి, రెండు నెలలు విసుక్కొని తీసివేయడానికి కారణం మొదటి రకం చూపే అని నా అనుమానం.

దీని పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెప్పడం అవసరం, ఎందుకంటే కొత్తవారు దీనిని నిన్నగాక మొన్న వచ్చిన సరుకుగా భావిస్తారు. జర్మనీలో స్టార్‌ఆఫీస్‌గా మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుగోలు చేసింది. తరువాతి ఏడాది దాని మూలసంకేతాన్ని ఓపెన్‌ఆఫీస్ పేరుతో అందరికీ తెరిచింది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి వెళ్లాక, అందులో పనిచేస్తున్నవారిలో చాలామంది విడిపోయి అదే ఏడాది సెప్టెంబరు 28న ది డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ప్రకటించారు, లిబ్రెఆఫీస్ అక్కడి నుంచి వచ్చింది. ఇది దాచుకునే ఓడీఎఫ్ దస్త్రరూపం 2006లోనే అంతర్జాతీయ ప్రామాణిక సంస్థ ఆమోదం పొందింది. కార్యాలయానికి ఈ చరిత్రలో పనికొచ్చే అంశం ఒక్కటే: ఏ ఒక్క కంపెనీ చేతులెత్తేసినా మన పాత దస్త్రాలు తెరుచుకోకుండా పోవు.

మా యజమానికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన వేసిన ప్రశ్న వేరు. "ఊరికినే ఇచ్చినోడికి పూచీ ఏటుంటాది?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్న, దానికి నిజాయితీ గల సమాధానం కూడా ఇవ్వాలి. పూచీ ఏదీ లేదు. ఫోను చేస్తే పలికే సహాయ కేంద్రం లేదు. డబ్బు తీసుకొని సేవలందించే సంస్థలు ఉన్నప్పటికీ అవి మా వంటి చిన్న కార్యాలయం కోసం ఏర్పడినవి కావు. అయితే డబ్బు కట్టి వాడే సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ఒక లెక్క పట్టీ పాడైతే కంపెనీవారు వచ్చి బాగుచేసిన సందర్భం నేను ఎక్కడా వినలేదు. కనుక పూచీని నకళ్ల రూపంలో మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లో అందుకు ఉన్న ఏర్పాట్లు చాలామంది కంటపడవు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలిన ఆ రోజుల తర్వాత కరెంటు, ఇంటర్నెట్ ఎంతకాలానికి తిరిగి వచ్చాయో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. అంత పెద్ద విపత్తు లేకపోయినా వేసవిలో కరెంటు పోవడం ఇక్కడ మామూలే. ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే కార్యాలయ సాఫ్ట్‌వేర్‌ను నేను మొదటే పక్కన పెట్టడానికి అదే కారణం. లిబ్రెఆఫీస్ పూర్తిగా మన యంత్రంలోనే పనిచేస్తుంది, ఖాతా తెరవమనీ లోపలికి ప్రవేశించమనీ అడగదు. టూల్స్ మెనూలోని ఆప్షన్స్‌లో లోడ్, సేవ్ విభాగంలో రెండు అమరికలు ఉన్నాయి. ప్రతి పది నిమిషాలకు కోలుకునే సమాచారాన్ని దాచే అమరిక స్థాపించగానే పనిచేస్తూ ఉంటుంది. దానిని నేను మూడు నిమిషాలకు తగ్గించాను. ఎప్పుడూ పాత ప్రతిని దాచి ఉంచే రెండో అమరిక మాత్రం 2024లో వచ్చిన 24.2 రూపానికి ముందు మనం వెతికి టిక్కు పెట్టేదాకా పనిచేసేది కాదు. దస్త్రాన్ని దాచిన ప్రతిసారీ అంతకుముందు ఉన్న ప్రతి వేరే సంచయంలో నిలిచి ఉంటుంది కనుక, ఎవరైనా పొరపాటున ఒక వరుసను తుడిచివేసి దాచినా నష్టం ఉండదు. ఈ రెండింటిని సరిచేయకుండా ఏ కంప్యూటరునూ గుమస్తా చేతికి ఇవ్వకూడదన్నది నా నియమం.

కరెంటు పోయిన తర్వాత ఎదురయ్యే ఒక చిక్కును కూడా ఇక్కడే చెప్పాలి. అందరూ పంచుకునే సంచయంలో ఒక దస్త్రాన్ని ఎవరైనా తెరిస్తే, దాని పక్కనే .~lock అన్న గుర్తులతో మొదలయ్యే చిన్న దస్త్రం ఒకటి కనబడకుండా ఏర్పడుతుంది; రెండో వ్యక్తి తెరిస్తే ఫలానావారు వాడుతున్నారని హెచ్చరిక వస్తుంది. యంత్రం అకస్మాత్తుగా ఆగిపోతే ఆ చిన్న దస్త్రం అలాగే మిగిలిపోయి, ఎవరూ వాడకపోయినా అదే హెచ్చరిక వస్తూ ఉంటుంది. దాచిన దస్త్రాలను చూపే అమరిక పెట్టుకొని దానిని తొలగిస్తే సరిపోతుంది. ఇది తెలియక అసలు దస్త్రానికి కొత్త కొత్త పేర్లతో నకళ్లు తీసి, చివరికి ఏది సరైనదో తెలియక తికమకపడే కార్యాలయాలను చూశాను.

ఇక ఎక్సెల్ మాదిరిగా లెక్కల పట్టీలు చూసే భాగమైన కాల్క్ గురించి. నా దృష్టిలో ఈ మొత్తం సాఫ్ట్‌వేర్‌లో అత్యంత విలువైన అంశం సూత్రాలూ కాదు, పటాలూ కాదు. పాఠ్య దస్త్రాన్ని తెరిచేటప్పుడు అది చూపే దిగుమతి కిటికీ. బ్యాంకు నుంచి దింపుకున్న లావాదేవీల జాబితా గానీ, హాజరు యంత్రం ఇచ్చే జాబితా గానీ సాధారణంగా కామాలతో విడదీసిన పాఠ్యంగా వస్తుంది. ఎక్సెల్‌లో దాని మీద రెండుసార్లు నొక్కితే చాలా రూపాల్లో ఏమీ అడగకుండా తెరుచుకుంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. భవిష్యనిధి సభ్యుని 12 అంకెల యూఏఎన్ సంఖ్య 1.23E+11 వంటి శాస్త్రీయ రూపంలోకి కుంచించుకుపోతుంది, బ్యాంకు ఖాతా సంఖ్యకు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, ఏప్రిల్ 3వ తేదీ అమెరికా పద్ధతిలో అమర్చిన యంత్రంలో మార్చి 4గా మారిపోతుంది. కాల్క్ మాత్రం తెరవడానికి ముందే ఆగి అడుగుతుంది: అక్షరాల సంకేత పద్ధతి ఏది, విభజన గుర్తు ఏది, ఏ నిలువు వరుస పాఠ్యం, ఏది తేదీ, ఆ తేదీలో రోజు ముందా నెల ముందా. ఆ కిటికీలోనే నిలువు వరుసను ఎంచుకొని పాఠ్యం అని చెబితే అంకెలు చెక్కుచెదరవు. తెలుగు పేర్లున్న జాబితాకు యూటీఎఫ్-8 ఎంచుకుంటే అక్షరాలు గజిబిజి కావు. ఎక్సెల్‌లోనూ డేటా మెనూ ద్వారా వెళితే ఇదే పని జరుగుతుంది గానీ, ఆ దారి తెలిసిన గుమస్తాలు తక్కువ. కాల్క్‌లో ఆ దారి తప్ప వేరే దారి లేదు. తొందరపడే మనిషిని ఒక్క క్షణం నిలబెట్టే ఈ గుణం వల్ల జీతాల బదిలీలో తప్పు ఖాతా సంఖ్యల బెడద మాకు పూర్తిగా తప్పింది.

భవిష్యనిధి నెలవారీ దస్త్రం తయారీలోనూ ఇదే సౌలభ్యం కొనసాగుతుంది. ఈసీఆర్ అనే ఆ దస్త్రంలో ఒక్కొక్క సభ్యునికి ఒక్కొక్క పంక్తి ఉండాలి. యూఏఎన్, పేరు, మొత్తం వేతనం, భవిష్యనిధి వేతనం, పింఛను వేతనం, బీమా వేతనం, ఆ తర్వాత మూడు చందా అంకెలు, వేతనం లేని రోజులు, తిరిగి కట్టిన అడ్వాన్సు, ఇలా పదకొండు అంశాలను #~# అనే గుర్తుతో విడదీయాలి. దీనికోసం డబ్బు పెట్టి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొనేవారున్నారు. టెక్స్ట్‌జాయిన్ అనే ఒక్క ఫార్ములాతో, విభజన గుర్తు స్థానంలో #~# పెట్టి, పదకొండు గడులను కలిపితే ఆ పంక్తి సిద్ధమవుతుంది. ఆ నిలువు వరుసను నోట్‌ప్యాడ్‌లో అతికించి దాచడమే మిగిలిన పని. 15,000 రూపాయల వేతన పరిమితిని, 12 శాతాన్ని, 8.33 శాతాన్ని ఫార్ములాలలో నేరుగా రాయకుండా ఒక ప్రత్యేక పుటలో విడి గడుల్లో పెట్టి, వాటికి పేర్లు ఇచ్చి వాడుతున్నాను. 15,000 వేతనం మీద పింఛను వాటా 1,250, భవిష్యనిధి 1,800, తేడా 550 వస్తున్నదా అని మొదటి వరుసలోనే ఒక నమూనా సభ్యునితో సరిచూసుకొనే ఏర్పాటు కూడా ఉంది. ప్రభుత్వం రేపు పరిమితిని మారిస్తే ఒక గడి మార్చితే చాలు.

లక్షలు, కోట్లలో కామాలు పడకపోవడం గురించి కొందరు ఫిర్యాదు చేస్తుంటారు. భాషా అమరికల్లో ప్రాంతాన్ని భారతదేశపు ఇంగ్లీషుగా మార్చుకుంటే 12,34,567 అన్న పద్ధతిలోనే కనబడుతుంది. స్థాపించిన రోజే చేయవలసిన పని అది.

పిక్కల కొనుగోలు పట్టీ మా పనికి గుండెకాయ. సీజనులో వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి వైపు నుంచి పిక్కలు వస్తాయి. బస్తా అంటే 80 కిలోలు. కాటా గదిలో రాసేవారు ఒక్కో రోజు ఒక్కోలా ఊరి పేరు రాస్తే నెలాఖరులో ఊరివారీ లెక్క తేలదు. డేటా మెనూలో వ్యాలిడిటీ అనే అంశంతో ఊళ్ల పేర్లను వేరే పుటలోని జాబితాకు కట్టివేశాము. ఆ జాబితాలో లేని పేరు రాస్తే గడి స్వీకరించదు. తేమ శాతానికి, బస్తాల సంఖ్యకు కూడా కనిష్ఠ, గరిష్ఠ హద్దులు అలాగే పెట్టాము. ఈ కట్టుబాటు ఉన్నందువల్లనే ఆ తర్వాత వేసే పివట్ పట్టిక, అంటే ఊరివారీగా మొత్తాలు తేల్చే సారాంశ పట్టిక, నమ్మదగినదవుతుంది. పివట్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మూల పట్టీకి కొత్త వరుసలు చేరిస్తే కాల్క్ వాటిని తనంత తాను లెక్కలోకి తీసుకోదు. మొదట్లోనే డేటా మెనూలోని డిఫైన్ రేంజ్ ద్వారా పట్టీకి ఒక పేరు ఇచ్చి, పివట్‌ను ఆ పేరుకు తగిలించి, చూసే ముందు ప్రతిసారీ రిఫ్రెష్ నొక్కే అలవాటు చేసుకోవాలి.

ధర నిర్ణయానికి సంబంధించిన లెక్కల్లో కాల్క్ మా యజమాని మనసు గెలుచుకుంది. దిగుమతి పిక్కల నాణ్యతను 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్న కొలతతో చెబుతారు. 48 పౌండ్లంటే సుమారు 21.8 కిలోల పప్పు. అందులో డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే నిండు పప్పు గ్రేడులు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అన్నదాని మీద రాబడి ఆధారపడుతుంది. ఒక రాబడి అంకె ఇచ్చి, దానికి సరిపోవాలంటే పిక్కల ధర ఎంతకు మించరాదో అడిగితే, టూల్స్ మెనూలోని గోల్ సీక్ వెంటనే చెబుతుంది. అంతకంటే ఉపయోగకరమైనది మల్టిపుల్ ఆపరేషన్స్ అనే సదుపాయం. అడ్డంగా పిక్కల ధరలు, నిలువుగా పప్పు దిగుబడి పెట్టి ఒకే ఫార్ములాను మొత్తం చదరానికి వర్తింపజేస్తే, ఏ ధరకు ఏ దిగుబడి వద్ద లాభం మొదలవుతుందో ఒక్క కాగితం మీద కనబడుతుంది. ఆ కాగితాన్ని ముద్రించి జేబులో పెట్టుకొని బేరానికి వెళ్లడం ఆయనకు ఇప్పుడు అలవాటైంది. ఎక్సెల్‌లో ఇదే సదుపాయం వేరే పేరుతో ఉంది, దానిని వాడినవారు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు.

తెలుగులో ఉత్తరాలు రాసే విషయానికి వస్తే, వర్డ్ వంటి భాగమైన రైటర్‌ను గట్టిగా మెచ్చుకోవలసినవీ గట్టిగా హెచ్చరించవలసినవీ రెండూ ఉన్నాయి. మా ఊరి డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో టైపు చేసేవారే ఎక్కువ. అక్కడ చేయించిన ఉత్తరాన్ని మన కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడతాయి, అందులో ఒక పేరు వెతకడమూ సాధ్యం కాదు. యూనికోడ్‌లో సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టాక ఆ ఆధారపడటం పోయింది. 2017లో వచ్చిన లిబ్రెఆఫీస్ 5.3 రూపం నుంచి అన్ని రకాల యంత్రాల మీదా అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఒకే యంత్రాంగం చూస్తున్నందువల్ల వత్తులు, గుణింతాలు సరిగ్గానే పడుతున్నాయి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకే తీరుగా కనబడుతున్నాయి.

హెచ్చరిక ఏమిటంటే, రైటర్ ప్రతి పేరాకూ ఫాంట్లను మూడు వర్గాలుగా విడివిడిగా గుర్తుంచుకుంటుంది: పాశ్చాత్య లిపులకు ఒకటి, తూర్పు ఆసియా లిపులకు ఒకటి, సంక్లిష్ట లిపులకు ఒకటి. తెలుగు మూడో వర్గంలోకి వస్తుంది. భాషా అమరికల్లో ఆ మూడో వర్గాన్ని ప్రారంభించకపోతే, పేరా శైలిలో ఫాంటు పరిమాణం 14కు పెంచినా ఇంగ్లీషు మాటలు పెరుగుతాయి గానీ తెలుగు అలాగే ఉండిపోతుంది. కొత్తగా వాడేవారిలో సగం మంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. పరిష్కారం సులభమే. ఎఫ్11 నొక్కితే వచ్చే శైలుల పలకలో డిఫాల్ట్ పేరా శైలిని తెరిచి, సంక్లిష్ట లిపి స్థానంలో తెలుగు ఫాంటు, పరిమాణం ఒకసారి నిర్ణయించి, దానిని మూస పత్రంగా దాచి, అదే ఎప్పుడూ తెరుచుకునేలా పెట్టుకోవాలి. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా ఫాంట్లు ఉత్తరాలకు సరిపోతాయి. శీర్షికలకు మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు మేము వాడుతున్నాము. అటువంటి ఫాంటు వాడిన పత్రాన్ని బయటికి పంపితే అవతలివారి యంత్రంలో అది ఉండకపోవచ్చు కనుక, పత్రం లక్షణాల్లో ఫాంటును పత్రంలోనే పొదిగే అమరికకు టిక్కు పెట్టాలి, లేదా పీడీఎఫ్‌గా పంపాలి. తెలుగు అక్షరదోషాల పరీక్ష ఉన్నది గానీ, విభక్తులు, సంధులు చేరిన మాటల్లో సరైన వాటినీ ఎర్రగీత గీసి చూపుతుంది. దానిని నేను ఆపి వేశాను.

శైలుల గురించి ఇంకొక మాట. వర్డ్‌లోనూ శైలులు ఉన్నాయి, కానీ రైటర్‌లో పుటలకు కూడా శైలులు ఉన్నాయి. సంస్థ చిరునామా ఉన్న మొదటి పుటకు ఒక శైలి, తర్వాతి పుటలకు ఒక శైలి, అడ్డంగా ఉండే పట్టిక పుటకు మరొక శైలి పెట్టుకొని, ఒకదాని తర్వాత ఏది రావాలో ముందే చెప్పి ఉంచితే బ్యాంకు రుణానికి ఇచ్చే పెద్ద నివేదిక కూడా చెదరదు. అలాగే తరచూ రాసే వాక్యాలను ఆటోటెక్స్ట్‌లో చేర్చుకోవాలి. కంట్రోల్‌తో ఎఫ్3 నొక్కి ఒక పేరాకు రెండక్షరాల సంక్షిప్తం ఇస్తే, ఆ తర్వాత ఆ రెండక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కగానే మొత్తం పేరా వచ్చి పడుతుంది. సరకు రవాణా షరతులు, చెల్లింపు గడువు, వివాదాల పరిధి వంటి పేరాలను మేము అలాగే వాడుతున్నాము.

జాబితాతో ఉత్తరాన్ని కలిపే మెయిల్ మెర్జ్ సదుపాయమే ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు ఎక్కువ పని ఆదా చేసింది. కాల్క్‌లోని రైతుల జాబితాను ఒకసారి ఆధారంగా నమోదు చేస్తే, రైటర్ పైభాగంలో ఆ పట్టిక తెరుచుకుంటుంది. పేరు, ఊరు, బస్తాలు, మొత్తం అన్న శీర్షికలను ఎలుకతో లాగి ఉత్తరంలో వేయడమే. ముద్రణ నొక్కితే ఇది జాబితా ఉత్తరమా అని అడుగుతుంది, అవునంటే ఒక్కొక్కరికి విడివిడిగా దస్త్రాలు తయారు చేసి, వాటికి జాబితాలోని పేరునే పెట్టగలదు. చాలామందికి తెలియని అంశం దీనిలో దాచిన పేరా అనే ఫీల్డు. "మీకు ఇంకా చెల్లించవలసిన బాకీ ఇంత" అన్న పేరా ముందు ఆ ఫీల్డు పెట్టి, బాకీ సున్నా అయితే దాచమని నిబంధన రాస్తే, బాకీ లేని రైతు ఉత్తరంలో ఆ పేరా అసలు కనబడదు, మధ్యలో ఖాళీ కూడా మిగలదు. అంతకుముందు బాకీ ఉన్నవారికి, లేనివారికి రెండు వేర్వేరు ఉత్తరాలు చేసేవారు. జాబితాలో మార్పు చేసినప్పుడు దానిని దాచిన తర్వాతే రైటర్‌కు ఆ మార్పు తెలుస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

జీతాల చీటీలు కూడా ఇదే దారిలో తయారవుతాయి. విడివిడిగా వచ్చిన ఆ దస్త్రాలన్నింటినీ ఒక్కొక్కటిగా తెరిచి పీడీఎఫ్‌గా మార్చనక్కరలేదు. కిటికీ తెరవకుండా పనిచేసే హెడ్‌లెస్ పద్ధతి ఒకటి లిబ్రెఆఫీస్‌లో ఉంది. ఆదేశాల తెరలో ఒక్క పంక్తి రాసి సంచయం పేరు చెబితే అందులోని పత్రాలన్నీ వరుసగా పీడీఎఫ్‌లుగా మారిపోతాయి. ఆ పంక్తిని ఒక బ్యాచ్ దస్త్రంగా రాసి డెస్క్‌టాప్ మీద పెట్టాను, ఇప్పుడు గుమస్తా దాని మీద రెండుసార్లు నొక్కితే చాలు. నడిచేటప్పుడు లిబ్రెఆఫీస్ కిటికీలన్నీ మూసి ఉంచడం మంచిది, లేకపోతే కొన్నిసార్లు ఏమీ చేయకుండానే ముగిసిపోతుంది.

పప్పు నింపే 10 కిలోల డబ్బాల మీద అంటించే చీటీలకు బయట ముద్రణాలయం మీద ఆధారపడటం మానేశాము. ఫైల్ మెనూలో కొత్త పత్రాల జాబితాలో లేబుళ్లు అనే అంశం ఉంటుంది. కాగితం మీద అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అని చెప్పి, విషయాన్ని ఏకకాలంలో మార్చే అమరికకు టిక్కు పెడితే, మొదటి చీటీలో గ్రేడు, బ్యాచ్ సంఖ్య, నికర బరువు, తయారీ తేదీ, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య రాసి ఒక బొత్తాం నొక్కగానే మిగిలినవన్నీ అలాగే మారిపోతాయి.

పీడీఎఫ్ ఎగుమతిలో హైబ్రిడ్ అనే ఒక అమరిక ఉంది. దానితో తయారైన పీడీఎఫ్‌ను ఎవరైనా మామూలుగా చదవవచ్చు, అదే దస్త్రాన్ని లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే అసలు పత్రం మార్చుకోవడానికి వీలుగా వస్తుంది. ఆమోదం పొందిన ధరల పట్టీలను, ఒప్పందాలను మేము ఇలాగే దాస్తాము. ఏ పీడీఎఫ్‌కు ఏ మూల దస్త్రమో వెతికే పని ఉండదు. అయితే కొనుగోలుదారుకు పంపే ధరల పట్టీకి పొరపాటున కూడా ఈ అమరిక వాడకూడదు. మన లాభం ఎంత వేసుకున్నామో చూపే ఫార్ములాలు దానితోపాటే వెళ్లిపోతాయి. బయటికి వెళ్లేవి మామూలు పీడీఎఫ్‌లుగానే, అవసరమైతే తాళపు మాటతో పంపాలి.

ఇక లోపాలు. ఒక కంప్యూటరులో ఎక్సెల్‌ను ఉంచుకోక తప్పలేదని మొదటే సూచించాను. జీఎస్టీ వార్షిక రిటర్ను జీఎస్‌టీఆర్-9 కోసం పోర్టల్‌లో ఇచ్చే ఆఫ్‌లైన్ పట్టీ మాక్రోలతో (లోపలే రాసి ఉంచిన ఆదేశాలతో) కూడిన ఎక్సెల్ దస్త్రం, అది కాల్క్‌లో తెరుచుకుంటుంది గానీ దాని బొత్తాలు పనిచేయవు. ఇటువంటి ప్రభుత్వ పట్టీలు ఉన్నంత కాలం ఒక ఎక్సెల్ అవసరం తప్పదు. ఆడిటరు గారి కార్యాలయం నుంచి వచ్చే భారీ పట్టీలు కాల్క్‌లో నెమ్మదిగా తెరుచుకుంటాయి. గడులను పదేపదే నకలు చేసి అతికిస్తే షరతులతో కూడిన రంగుల నిబంధనలు గుట్టలుగా పేరుకుపోయి దస్త్రం బరువెక్కుతుంది. అనేక చోట్ల నుంచి సమాచారాన్ని లాగి శుభ్రపరిచే పవర్ క్వెరీ వంటి సాధనం ఇక్కడ లేదు. ఇద్దరు ఒకే పట్టీని ఒకేసారి దిద్దుకొనే ఏర్పాటు పేరుకు ఉన్నప్పటికీ, అది ఆన్‌లైన్ పట్టీలతో పోల్చదగినది కాదు. మాకు ఆ అవసరం తక్కువ. ఆ అవసరం ఎక్కువగా ఉన్న కార్యాలయానికి నేను దీనిని సిఫారసు చేయను.

వర్డ్ దస్త్రాల రాకపోకల విషయంలో అభిప్రాయం మిశ్రమం. సాదా ఉత్తరాలు, పట్టికలు బాగానే వెళ్లి వస్తాయి. కాలిబ్రీ, కాంబ్రియా ఫాంట్లు లేని చోట వాటి కొలతలతోనే తయారైన కార్లిటో, కలాడియా ఫాంట్లు లిబ్రెఆఫీస్‌తోనే వస్తున్నందువల్ల పంక్తులు జరగవు. పెట్టెల్లో పాఠ్యం, పైన తేలే చిత్రాలు, కళాత్మక పటాలు ఉన్న పత్రాలు మాత్రం చెదురుతాయి. మా నియమం ఇది: మనలో మనం వాడేవన్నీ ఓడీఎఫ్‌లో, బయటివారు మార్చవలసినవి వారి రూపంలో, బయటివారు చదివితే చాలినవి పీడీఎఫ్‌లో. ఒకే దస్త్రాన్ని రెండు రూపాల మధ్య పదేపదే మార్చడం వల్లనే అధిక భాగం చిక్కులు పుడతాయి.

కొత్తగా చేరే గుమస్తాలు కళాశాలలో ఎక్సెల్ నేర్చుకొని వస్తారు. వ్యూ మెనూలోని యూజర్ ఇంటర్‌ఫేస్‌లో ట్యాబ్డ్ రూపాన్ని ఎంచుకుంటే వారికి తెలిసిన పట్టీ లాంటి అమరికే కనబడుతుంది. 2019లో వచ్చిన 6.2 నుంచి ఇది అందరికీ అందుబాటులో ఉంది. ఫార్ములా రాసే పద్ధతిని కూడా ఆప్షన్స్‌లో ఎక్సెల్ రూపానికి మార్చవచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన 24.8లో ఎక్స్‌లుకప్, ఫిల్టర్, సార్ట్, యూనిక్ వంటి ఫార్ములాలు చేరాక వారి ఫిర్యాదులు మరింత తగ్గాయి. మెనూలను తెలుగులో పెట్టుకొనే వీలున్నా మా వారు ఇంగ్లీషు మెనూలకే అలవాటుపడ్డారు.

తాజా రూపాలకు మారడంలో తొందర పనికిరాదు. విండోస్‌లో ఇది కొత్త రూపం వచ్చిందని చెబుతుంది, ఆ తర్వాత మొత్తం స్థాపకాన్ని మనమే దింపుకోవాలి. అది వందల మెగాబైట్ల దస్త్రం కనుక ఒకసారి దింపి, పెన్‌డ్రైవ్‌తో అన్ని యంత్రాలకూ వేస్తాము. ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి చొప్పున ఏడాదికి రెండు పెద్ద రూపాలు వస్తాయి. ఫిబ్రవరి రూపం మాకు పనికిరాదు, ఎందుకంటే మార్చి నుంచి పిక్కల సీజను, దానితోపాటే ఆర్థిక సంవత్సరాంతం. ఆగస్టు రూపాన్ని సవరణలు రెండు మూడు వచ్చేదాకా ఆగి, దసరా తర్వాత మొదట నా యంత్రంలో వేసి, ఈసీఆర్ పట్టీని, రైతుల ఉత్తరాన్ని నడిపి చూసి, సరిగ్గా ఉంటే మిగిలిన వాటిలో వేస్తాను. కాటా గదిలో విండోస్ 7 నడిచే పాత యంత్రం ఒకటి మిగిలి ఉంది, 25.8 నుంచి లిబ్రెఆఫీస్ విండోస్ 7, 8ల మీద పనిచేయదు కనుక దానిలో 25.2నే ఉంచి, ఇంటర్నెట్ తీగ తీసివేసి, తూకాల పట్టీకి మాత్రమే వాడుతున్నాము.